తెల్లని అవక్షేపం

పల్లంలంక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ల్యాబ్ అసిస్టెంటు నూకరాజు చేతివేళ్ళు ముప్ఫై ఏళ్ళుగా నల్లగా ఉండేవి. అది మురికి కాదు. సిల్వర్ నైట్రేటు అనే మందు చుక్క చర్మం మీద పడితే మర్నాటికి నల్లమచ్చ తేలుతుంది. సబ్బుకి పోదు, కుంకుడురసానికి పోదు, పాత తోలు ఊడి కొత్త తోలు వచ్చేదాకా అంటిపెట్టుకునే ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో ఆయన ఆ వేళ్ళతో అన్నం కలుపుకుంటుంటే భార్య మంగతాయారు మొహం తిప్పుకునేది. తర్వాత అలవాటు పడిపోయింది. అలాంటిది ఒక ఏడాది ఆశ్వయుజమాసం వెళ్ళేసరికి ఆయన వేళ్ళు చంటిపిల్లాడి వేళ్ళలా శుభ్రంగా తయారయ్యాయి.

"ఏవండీ, ఉద్యోగం గానీ పోయిందా?" అని అడిగిందావిడ గాభరాగా.

"పోలేదే. పాలసీ వచ్చింది," అన్నాడు నూకరాజు.

ఆ పాలసీ పుట్టుక గురించి కాస్త చెప్పుకోవాలి. రాష్ట్రంలో కాలేజీ ల్యాబులన్నిటికీ మందులూ సామాన్లూ పంపే సంస్థ ఒకటుంది. దాని పేరు ప్రయోగశాలా సామగ్రి సమీకరణ, సంరక్షణ మరియు సరఫరా సంస్థ. అంత పేరు గోడ మీద పట్టక 'సరఫరా సంస్థ' అన్న ముక్క మలుపు తిరిగి పక్కసందులోకి వెళ్ళింది. ముందువైపు నుంచి వచ్చేవాళ్ళకి అక్కడ సమీకరణా సంరక్షణా మాత్రమే కనబడతాయి, చాలావరకు జరిగేదీ అదే.

ఆ సంస్థకి డైరెక్టరు త్రివిక్రమరావు గారు. ఒక ఆదివారం పొద్దున్న ఆయన ఇంట్లో పడక్కుర్చీలో కూర్చుని, సెలవులకొచ్చిన మేనకోడలు వదిలేసిన పదో తరగతి సైన్సు పుస్తకం తీసి చూశారు. మూలకాలని గళ్ళల్లో పేర్చిన పట్టిక ఒకటి అందులో ఉంది. దాని కింద, "నిలువుగా ఉన్న ఒక్కొక్క వరుసను గ్రూపు అంటారు. ఒకే గ్రూపులోని మూలకాలన్నిటికీ బయటి కక్ష్యలో ఎలక్ట్రాన్లు సమానంగా ఉంటాయి. అందువల్ల అవి ఒకే రకమైన రసాయన ధర్మాలు చూపుతాయి" అని రాసి ఉంది. అక్కడికి పేజీ అయిపోయింది. వెనకపేజీ 'అయితే' అన్న మాటతో మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే లోపలినుంచి పెసరట్టు వచ్చింది. ఆయన పేజీ తిప్పలేదు.

పెసరట్టు తింటున్నంత సేపూ ఆయన మనసు పరిపరివిధాల పోయింది. వస్తువులన్నీ ఒకటే అయినప్పుడు ఇన్ని సీసాలెందుకు? ఇన్ని పేర్లెందుకు? సోమవారం పదకొండు గంటలకల్లా ఉత్తర్వు తయారైంది.

"విషయము: ప్రయోగశాలలలో ఒకే గ్రూపునకు చెందిన మూలకములను వేర్వేరుగా కోరుట వలన ప్రబలుచున్న అనవసర వైవిధ్యమును అరికట్టుట గురించి. సూచిక: పదవ తరగతి పాఠ్యపుస్తకము, ఒక పుట. పై విషయమును పురస్కరించుకొని సమస్త ప్రిన్సిపాళ్ళకు తెలియజేయునది ఏమనగా, ఒకే గ్రూపులోని మూలకములన్నియు ఒకే ధర్మములు కలిగియుండునని శాస్త్రజ్ఞులు ఏనాడో తేల్చియున్నను, మన సిబ్బంది నేటికిని సోడియము వేరు, పొటాషియము వేరు అను అపోహలో ఇండెంట్లు పంపుచున్నారు. ఇకమీదట ఏ ఇండెంటునందును మూలకము పేరు వ్రాయరాదు. గ్రూపు సంఖ్య మాత్రమే వ్రాయవలెను. ఆ గ్రూపులో గోదామునందు ఏది అందుబాటులో ఉన్న అది పంపబడును. పేరు పెట్టి అడిగిన వారిపై క్రమశిక్షణా చర్య తీసుకొనబడును."

పల్లంలంక కాలేజీ ప్రిన్సిపాలు భాస్కరమూర్తి గారు పౌరశాస్త్రం మాస్టారు. ఉత్తర్వు రెండుసార్లు చదువుకుని నూకరాజుని పిలిపించారు. కెమిస్ట్రీ లెక్చరరు పోస్టు మూడేళ్ళుగా ఖాళీ. కాగితాల మీద ఇన్‌చార్జి బోటనీ మేడం. ఆవిడ వారానికోసారి గుమ్మంలో నిలబడి ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోతుంది. కాబట్టి ఆ కాలేజీలో రసాయనశాస్త్రం అంటే నూకరాజే.

"ఇందులో ఉన్నది నిజమేనా నూకరాజూ?"

"పుస్తకంలో మాట నిజవేనండి. ఒక్కో గ్రూపుకీ ఒక్కో బుద్ధి ఉంటదండి. ఆ మొదటి గ్రూపు వాళ్ళందరికీ పైవసారాలో ఒక్కటే ఎలక్ట్రానండి. దాన్ని ఎవడికన్నా అంటగట్టేసి చేతులు దులుపుకుందావని చూస్తా ఉంటాయండి, ఆయ్. అక్కడిదాకా అన్నదమ్ములే. అయితే లిథియం మొహమాటపడి ఇస్తదండి. సోడియం బుస్సుమని ఇస్తదండి. పొటాషియం కొంప తగలెట్టి మరీ ఇస్తదండి. కిందకి దిగేకొద్దీ కోపం ఎక్కువండి."

"అంటే ఒకటే కదా?"

"మా నాన్నకి మేం నలుగురు కొడుకులవండి. ముక్కులన్నీ ఒక్క అచ్చే. అలాగని మా పెద్దన్నయ్య కళ్ళజోడు నాకు పెడితే నూతిలో పడతానండి. అయిదు వేళ్ళూ ఒక్కలా ఉంటాయేటండి?"

ప్రిన్సిపాలు గారు ఉత్తర్వు మళ్ళీ ఒకసారి కిందా మీదా చూశారు. "వేళ్ళ సంగతి ఇందులో లేదయ్యా," అన్నారు.

జులైలో నూకరాజు 'గ్రూపు 1, యాభై గ్రాములు' అని ఇండెంటు పెట్టాడు. కావలసింది సోడియం. వచ్చింది పొటాషియం. ఆయన ఆ డబ్బా చూసి దణ్ణం పెట్టుకుని, పిల్లల్ని వరండాలోకి తరిమేసి, బియ్యపుగింజంత ముక్క తీసి నీళ్ళ తొట్టిలో వేశాడు. ఊదారంగు మంట లేచింది. తొట్టి పగిలింది. కిటికీ మీద గూడు పెట్టుకున్న పావురాలు ఆ ఏడాది మళ్ళీ రాలేదు. జరిగింది జరిగినట్టు సంస్థకి రాస్తే పది రోజుల్లో జవాబొచ్చింది: "ప్రయోగము ఆశించినదానికంటె మిక్కిలి ఫలితమునిచ్చుట సరఫరాలోని నాణ్యతకు నిదర్శనమని గ్రహించవలెను."

ఆగస్టులో కబడ్డీ ఆడుతూ పీఈటీ మాస్టారి మోకాలు చెక్కుకుపోయింది. గాయానికి రాసే అయోడిన్ తెమ్మంటే పెట్టెలో బ్లీచింగు పౌడరు కలిపిన నీళ్ళున్నాయి. క్లోరినూ అయోడినూ ఒకే గ్రూపు కాబట్టి ప్రథమచికిత్స పెట్టె కూడా సంస్కరణ పొందింది. మాస్టారు పెట్టిన కేక గోదావరి అవతల ఒడ్డున ఏరు దాటించే పంటు ఎక్కుతున్న వాళ్ళకి వినబడిందని చెబుతారు. ఇది కాస్త ఎక్కువ చేసి చెప్పిన మాటే అయినా, ఆ సాయంత్రం పంటు మాత్రం తొందరగా వచ్చేసింది.

సెప్టెంబరులో ఊళ్ళో సహకార సంఘం ఎన్నికలు జరిగాయి. ఓటు వేసిన వేలికి రాసే చెరగని సిరాలో ఉండేది కూడా సిల్వర్ నైట్రేటే. వెండి, రాగి, బంగారం ముగ్గురూ పదకొండో గ్రూపు. ఆ సిరామందు కూడా సంస్థ గోదాము నుంచే రావాలి, అక్కడ ఉన్నది రాగి. అందుకని సిరా నీలంగా, చూడ్డానికి చాలా అందంగా వచ్చింది. బయట కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుంటే పోయేది. సభ్యులు ఎనిమిది వందల పన్నెండు మంది, పడిన ఓట్లు పదమూడు వందల నలభై. రైతుల్లో చైతన్యం వెల్లివిరిసిందని ఎన్నికల అధికారి నివేదిక పంపారు.

ఆ పదకొండో గ్రూపే కాలేజీ ల్యాబుకీ వచ్చింది. ముదురు గోధుమరంగు సీసాలో తెల్లటి పలుకులు రావలసిన చోట నీలం పలుకులు దిగాయి. నూకరాజు వేళ్ళు తేటపడింది అప్పుడే.

ఇంటరు పిల్లలకి ప్రాక్టికల్స్‌లో ఒక లవణం ఇస్తారు. అందులో ఏముందో పరీక్షలు చేసి తేల్చాలి. ఉప్పులో ఉండే క్లోరైడుని పట్టుకోవడానికి వెండిమందే నమ్మకమైన దారి. ఉప్పునీళ్ళలో సిల్వర్ నైట్రేటు రెండు చుక్కలు వేస్తే పాలు విరిగినట్టు తెల్లగా విరిగి గొట్టం అడుగున పేరుకుంటుంది. దాన్నే పుస్తకంలో 'తెల్లని అవక్షేపం' అంటారు. రాగిమందు పోస్తే ఏమీ కాదు. నీళ్ళు నీలంగా, నిమ్మకి నీరెత్తినట్టు ఉంటాయి.

"ఈ నీలం నీళ్ళతోటి క్లోరైడు దొరకదండి. సముద్రం మొత్తం తెచ్చి గొట్టంలో పోసినా దొరకదండి," అని నూకరాజు ప్రిన్సిపాలు గారి దగ్గర మొత్తుకున్నాడు.

"నువ్వు కంగారుపడకు. పిల్లలకి కనబడుతుందిలే," అన్నారు భాస్కరమూర్తి గారు.

ఆయన అన్నదే నిజమైంది. ఆ కాలేజీలో, ఆ మాటకొస్తే ఏ కాలేజీలోనైనా, పిల్లలు ప్రయోగం చేసి రికార్డు రాయరు. రికార్డు ముందే రాసుకుని వచ్చి ప్రయోగం చేస్తారు. అన్న రికార్డు తమ్ముడూ, అక్క రికార్డు చెల్లెలూ చూసి ఎక్కించుకుంటారు. ఆ రికార్డుల్లో పాతికేళ్ళ నుంచి 'పెరుగు వంటి తెల్లని అవక్షేపము ఏర్పడినది' అని ఉంది. సీనియర్ ఇంటరు బైపీసీలో అరవై మంది గొట్టం పైకెత్తి, నీలం నీళ్ళని వెలుతుర్లో పెట్టి శ్రద్ధగా చూసి, కింద పెట్టి, 'తెల్లని అవక్షేపము' అని రాసుకున్నారు. యాభై తొమ్మిది మంది రాసుకున్నారు.

అరవయ్యో పిల్ల పేరు దైవకుమారి. రేవులో పంటు నడిపే ఏసోబు కూతురు. ఆ పిల్ల గొట్టాన్ని చూసి, ఊపి చూసి, మళ్ళీ కొత్త గొట్టంలో చేసి చూసి, 'నీలముగా ఉన్నది. అడుగున ఏమియు చేరలేదు' అని రాసింది.

నూకరాజు వెనకనుంచి ఆ మాట చదివాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో చూసింది రాసిన పిల్లని చూడ్డం ఆయనకదే మొదలు. కళ్ళు చెమర్చాయి. మరుక్షణం ఆ పిల్ల సీటు సంగతి గుర్తొచ్చింది. ఆ పిల్లకి కాకినాడలో నర్సింగు సీటు వచ్చేట్టుందని ఏసోబు రేవులో ఎక్కినవాళ్ళకీ దిగినవాళ్ళకీ చెబుతున్నాడు. ప్రాక్టికల్ తప్పితే ఇంటరు తప్పినట్టే. ఇంటరు తప్పితే సీటు ఉండదు.

"అమ్మడూ, ఇది క్లాసు కాబట్టి సరిపోయింది. పరీక్షలో మటుకు తెలుపని రాసెయ్యి," అన్నాడు చిన్నగొంతుకతో.

"నీలంగా ఉంది కదా బాబాయ్?"

"నీలవే. అయినా తెలుపని రాయి."

"మొదటి రోజు మీరే కదా బాబాయ్, పుస్తకంలో ఉంది కాదు, గొట్టంలో ఉంది రాయాలన్నారు?"

ప్రతి ఏడాదీ మొదటి రోజు ఆయన ఆ మాట చెబుతాడు. అది విని ఎవరో ఒకరు పాటిస్తారని ఆయన ఎన్నడూ అనుకోలేదు. స్పిరిటు దీపాలు ఆర్పడానికి వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరిలో పరీక్షలొచ్చాయి. పక్క డివిజన్ నుంచి ఎగ్జామినరుగా చక్రధరం గారొచ్చారు. ఆయన మంచివాడే. అరవై పేపర్లు అరగంటలో దిద్ది మూడున్నర బస్సు అందుకుంటాడు. గోదాములో లవణాలు కూడా గ్రూపుల వారీగా కుదించాక మిగిలింది వంటింటి ఉప్పొకటే కాబట్టి అందరికీ అదే ఇచ్చారు. యాభై తొమ్మిది మంది తెలుపు చూశారు. దైవకుమారి మాత్రం 'నీలముగా ఉన్నది. అవక్షేపము రాలేదు. క్లోరైడు లేదని చెప్పుటకు వీలులేదు. మందు మార్చి మరల చూడవలెను' అని రాసింది.

చక్రధరం గారికి ఆ ఆఖరి మాట కష్టమనిపించింది. "నాకే సలహా చెబుతోందయ్యా," అని నూకరాజుతో అని, ఎర్రసిరాతో 'కనబడవలసినది కనబడలేదు' అని రాసి మూడు మార్కులేశారు. ఏప్రిల్లో ఫలితాలొచ్చాయి. దైవకుమారి ఒక్కతే తప్పింది.

నర్సింగు కాలేజీ వాళ్ళు జులై పదిహేను లోపల ఇంటరు సర్టిఫికెట్టు పట్టుకురమ్మన్నారు. ఏసోబు పంటు నడపడం తమ్ముడికి అప్పజెప్పి వచ్చి ప్రిన్సిపాలు గది ముందు నిలబడ్డాడు. అరుస్తాడేమో అనుకున్నారు. అతను అరవలేదు. "మా పాపకి కళ్ళు బానే కనపడతాయండి. మబ్బులో అవతలొడ్డున మనిషి చెయ్యెత్తితే నాకంటే ముందు అదే చెప్తదండి," అన్నాడు అంతే. నూకరాజుకి ఆ రాత్రి అన్నం సయించలేదు.

అప్పీలు పెట్టుకోవచ్చు. దానికీ ఒక నిబంధన ఉంది. ప్రిన్సిపాలు గారు ఫైలు తీసి చదివి వినిపించారు: "ఒకే గ్రూపులోని రెండు పదార్థములు వేర్వేరు అను ఆరోపణతో కూడిన అప్పీలు, అవి వేర్వేరు అని స్వయముగా డైరెక్టరు వారే వ్రాతపూర్వకముగా ధ్రువీకరించిన పక్షమున మాత్రమే పరిశీలించబడును."

"ఆయన అలాగని రాసిస్తారాండి?"

"ఆయన పాలసీ తప్పని ఆయనే ఎందుకు రాసిస్తాడయ్యా? ఏడాది తిరిగేసరికి ఆయనకి పతకం కూడా ఇస్తున్నారు."

నిజమే. జూన్ నెలాఖర్న జిల్లా కేంద్రంలో ఏకీకృత విధానమని పేరు పెట్టిన ఆ పాలసీకి ప్రథమ వార్షికోత్సవం ఏర్పాటు చేశారు. ఉత్తమ సంస్కర్తగా త్రివిక్రమరావు గారికి బంగారు పతకం బహూకరిస్తారు. ఆవరణలో కాలేజీలన్నీ ప్రయోగాల స్టాళ్ళు పెట్టాలి. పల్లంలంక తరఫున నూకరాజు వెళ్ళాడు. ఒక బల్ల, కొన్ని గొట్టాలు, చుక్కలు వేసే సీసాలో గాఢమైన నత్రికామ్లం పట్టుకెళ్ళాడు. జేబులో దైవకుమారి అర్జీ కూడా ఉంది. కాళ్ళ మీద పడైనా ఇద్దామనుకున్నాడు.

సభ బాగా జరిగింది. వక్తలందరూ భిన్నత్వంలో ఏకత్వం గురించి మాట్లాడారు. వైవిధ్యమే దుబారా అని ఒకాయన అంటే చప్పట్లు కొట్టారు. తర్వాత ముఖ్య అతిథి డైరెక్టరు గారి మెడలో ఎర్ర రిబ్బను పతకం వేశారు. ఫొటోలు తీశారు. ఆయన వేదిక దిగి ముందువరసలో కూర్చున్న భార్య సత్యవతమ్మ గారి చేతికిచ్చారు.

ఆవిడ పతకాన్ని అరచేతిలో వేసుకుని ఒక్కసారి ఎగరేసి పట్టుకుంది. బొటనవేలితో రుద్దింది. వాసన చూసింది.

"ఏవండీ, ఇది రాగి."

"బంగారమని మైకులో చదివారు కదా!"

"మైకులో చదివితే అయిపోతుందేంటి? మా పుట్టింట్లో నీళ్ళు కాచే డేగిసా ఇదే రంగు."

పతకం ఎలా వచ్చిందో ఇక్కడ చెప్పేస్తే సరిపోతుంది. ఏర్పాట్లు చూసిన గుమాస్తా నిబంధనలు తెలిసినవాడు. పేరు పెట్టి అడిగితే చర్య తీసుకుంటారు కాబట్టి, 'గ్రూపు 11, గుండ్రనిది, రిబ్బనుతో సహా, ఒకటి' అని ఇండెంటు పంపాడు. గోదాములో ఆ గ్రూపులో ఏది ఉందో అది వచ్చింది. ఇందులో ఎవరి తప్పూ లేదు.

డైరెక్టరు గారు ఎర్రబడ్డ మొహంతో చుట్టూ చూశారు. దగ్గర్లో ఉన్న స్టాలు నూకరాజుది. "ఇదిగో, నువ్వు ల్యాబువాడివేగా? ఇది బంగారమో కాదో ఇప్పుడే తేల్చు," అంటూ పతకం బల్ల మీద పడేశారు.

నూకరాజు ముందుకి వంగి పతకాన్ని చూశాడు. అర్జీ కోసం జేబులోకి వెళ్ళిన చెయ్యి అక్కడే ఆగింది. వేరే ఆలోచన వచ్చింది. చెయ్యి బయటికి తీసి, బల్ల సొరుగులోంచి పరీక్ష కోరే ఫారం తీశాడు. మధ్యలో కార్బన్ కాగితం పెట్టాడు.

"ఏ పరీక్షకైనా ఫారం ఉండాలండి. కోరినవారు ఏం గమనించారో రాసి కింద సంతకం పెట్టాలండి. తమరు పెట్టిన రూలేనండి, ఆయ్."

"సరే సరే, కానీ!"

నూకరాజు పతకం అంచు మీద నత్రికామ్లం ఒక్క చుక్క వేశాడు. పచ్చగా నురగొచ్చి, ఎర్రటి పొగ లేచింది. సత్యవతమ్మ గారు నేనన్నానా అన్నట్టు భర్త వైపు చూసింది.

"బంగారవైతే ఆ చుక్క కింద ఉలక్క పలక్క ఉండేదండి. ఇది రాగేనండి. అయినా తమకి తెలీందేవుంది, రెండూ పదకొండో గ్రూపే కదండి. ఒకటేనని రాసేమంటారాండి?"

"ఒకటెలా అవుతాయయ్యా! బుర్ర ఉందా నీకు? రాగి రాగే, బంగారం బంగారమే! గ్రూపు ఒకటైనంత మాత్రాన ఒకదాని బదులు ఒకటి ఇచ్చేస్తారా? నేను గ్రూప్ వన్ ఆఫీసర్ని. నాకు చెబుతావా గ్రూపుల గురించి?"

"అలాగే రాస్తానండి. కొంచెం నెమ్మదిగా చెప్పండి."

ఆయన చెప్పారు. నూకరాజు పొల్లు పోకుండా రాశాడు: 'గ్రూపు ఒకటైనంత మాత్రాన రాగి, బంగారము ఒకటి కావని, ఒకదాని బదులు మరొకటి ఇచ్చుట తగదని స్వయముగా గమనించితిని.' డైరెక్టరు గారు కలం విదిలించి సంతకం గీకేశారు. పై కాగితం ఆయన పట్టుకెళ్ళారు. కింది కాగితం నూకరాజు దగ్గరుండిపోయింది. దాన్ని దైవకుమారి అర్జీకి గుండుసూదితో గుచ్చి, మర్నాడు పొద్దున్నే సంస్థ ఇన్‌వార్డులో ఇచ్చి ముద్ర వేయించుకున్నాడు.

జులై తొమ్మిదిన ఉత్తర్వొచ్చింది. ప్రిన్సిపాలు గారు లేచి నిలబడి చదివారు.

"అర్జీదారు జతపరచిన పత్రమును కమిటీ కూలంకషముగా పరిశీలించినది. తత్ఫలితముగా ఏకీకృత విధానమునకు ఈ క్రింది సవరణ చేయడమైనది: అధికారులకు బహూకరించు పతకములకు సదరు విధానము వర్తించదు. ఇతరత్రా యథాతథము. ఇక విద్యార్థిని కుమారి దైవకుమారి విషయమై: ఆమెకు చూపు ఆలస్యముగా అందుచున్నదని కమిటీ సానుభూతితో భావించి, సిల్వర్ నైట్రేటు ఐదు గ్రాములు ప్రత్యేకముగా మంజూరు చేసి, పునఃపరీక్షకు అనుమతించడమైనది. మిగిలిన యాభై తొమ్మిది మంది వెండి లేకయే తెలుపును చూడగలిగినందున వారిని ఇందుమూలముగా అభినందించడమైనది."

పన్నెండో తారీఖున ఐదు గ్రాముల వెండిమందు వచ్చింది. గోధుమరంగు బుడ్డి. దాన్ని తీసుకురావడానికి ఇద్దరు మనుషులు, నాలుగు సంతకాలు. పరీక్ష ప్రిన్సిపాలు గారి గదిలోనే పెట్టారు. చక్రధరం గారు మళ్ళీ వచ్చి గడియారం చూసుకుంటూ కూర్చున్నారు. ఏసోబు వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

నూకరాజు మందు కలిపి గొట్టాల స్టాండు పెట్టాడు. ఒక చుక్క ఆయన వేలి మీద పడింది, తుడుచుకోలేదు. దైవకుమారి చేసే పనిలోనే కళ్ళు పెట్టుకుంది. ఉప్పు నీళ్ళలో కరిగించింది. ఆమ్లం రెండు చుక్కలు వేసింది. తర్వాత వెండిమందు వేసింది, ఒక చుక్క తన వేలి మీద కూడా పడింది.

గొట్టంలో పాలు విరిగాయి. ముద్దలు ముద్దలుగా తెల్లగా విరిగి మెల్లిగా అడుక్కి దిగాయి. ఏడాదిగా ఆ కాలేజీలో అందరూ రాస్తున్నదీ, ఎవరూ చూడనిదీ అది. ప్రిన్సిపాలు గారు కూడా కుర్చీలోంచి వంగి చూశారు. ఆయన జీవితంలో అదే మొదటిసారి. "భలే ఉందే!" అన్నారు.

దైవకుమారి కాగితం తీసుకుని, 'పెరుగు వంటి తెల్లని అవక్షేపము ఏర్పడినది. క్లోరైడు ఉన్నది' అని రాసింది.

చక్రధరం గారు అది చదివి తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. ముప్ఫైకి ముప్ఫై వేశారు. కలం జేబులో పెట్టుకుంటూ ఆ పిల్ల వైపు జాలిగా చూశారు.

"చూశావామ్మా, ఈ ముక్కేదో అప్పుడే అందరితోపాటూ రాసుంటే ఇంత గొడవ లేకపోయేది కదా! పోనీలే, ఇప్పటికైనా నేర్చుకున్నావు."

దైవకుమారి నోరు తెరిచింది. నూకరాజు ఆమె వైపు చూసి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆ పిల్ల నోరు మూసుకుంది. చక్రధరం గారు మూడున్నర బస్సు కోసం వెళ్ళిపోయారు.

బయట కుళాయి దగ్గర దైవకుమారి చేతులు కడుక్కుంటుంటే నూకరాజు వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"బాబాయ్, నన్ను పాస్ చేసింది తెలుపని రాసినందుకేగా?"

"అందుకేనమ్మా."

"మరి అప్పుడు నీలంగానే ఉంది కదా?"

"నీలంగానే ఉంది. నేనూ చూశాను. ఆవేళ ఆ గదిలోనే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను." ఆయన కుళాయి కట్టేసి, "ఆ చెయ్యి ఎంతసేపు కడిగినా పోదు. రేపటికి నల్లమచ్చ వస్తది. వారం రోజులుంటది. నర్సింగు కాలేజీలో ఏంటని అడిగితే, వెండి పడిందని చెప్పు," అన్నాడు.

ఏసోబు వరండా దిగి వచ్చాడు. కూతురి చెయ్యి పట్టుకుని వేలు ఒకసారి చూసి, రేవు వైపు నడిచాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనం దగ్గర నూకరాజు అన్నంలో పప్పు కలుపుకుంటుంటే మంగతాయారు నెయ్యి వేస్తూ వేస్తూ ఆగిపోయింది. కుడిచెయ్యి చూపుడువేలి మీద మినపగింజంత నల్లమచ్చ.

"ఏవండీ, పాలసీ పోయిందా?"

"పోలేదే," అన్నాడు నూకరాజు ముద్ద నోట్లో పెట్టుకుంటూ. "ఐదు గ్రాములు సడలించారు."